ఆడవాళ్ళ గుండె మీద జోతిలక్ష్మి పేపరు

కోవిల్‌పట్టి నుంచి కళుగుమలై వెళ్ళే దారిలో ఒక నల్లరేగడి పల్లె జోతిలక్ష్మిది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ ఊళ్ళో డాక్టరైన మొదటి ఆడపిల్ల ఆమే. విరుదునగర్‌లో ఒక వైద్య కళాశాలలో గుండెజబ్బుల మీద పరిశోధన చేస్తుంది. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా "పేపరు అయిపోనీ" అనేది. ఇంట్లోవాళ్ళు ఏదో పరీక్ష పేపరనుకుని ఏళ్ళ తరబడి నోరు మూసుకున్నారు పాపం.

ఆ పేపరు చివరికి అచ్చయింది. మెట్టపొలాల్లో, అక్కడివాళ్ళు అగ్గిపెట్టెల ఆఫీసులనే ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళకు గుండెజబ్బు బాగా తక్కువని అందులో తేలింది. లోకానికి అది తెగ నచ్చింది. కాయకష్టం ఒంటికి మంచిదని చెప్పడానికి కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు ఒక ఆధారం దొరికిందాయె! ఎక్కడెక్కడి పరిశోధకులో తమ పేపర్లలో ఆమె పేపరును ఉదహరించారు. అలా ఉదహరించిన ప్రతిసారీ ఒక సైటేషన్. అవి నాలుగు వందలు దాటిన రోజున కాలేజీలో ఆమెకు శాలువా కప్పారు.

ఆ పేపరు కోసం ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే ఎలా జరిగిందో కూడా చెప్పాలి. ఆ పల్లెల్లో చేతిలో కాగితం పట్టుకుని ఎవరొచ్చినా ఇంటిపెద్దే జవాబు చెప్తాడు. రేషన్ కార్డుకైనా, ఓటుకైనా అంతే. ఆడవాళ్ళు లోపల కాఫీ కాస్తుంటారు. సొంత చిన్నాయన వేలాయుదం ఇంట్లోనూ అదే జరిగింది. "చిన్నమ్మకు ఎదలో నొప్పి, ఆయాసము ఏమైనా ఉండాదా చిన్నాయనా?" అని జోతిలక్ష్మి అడిగితే ఆయన నవ్వాడు.

"మా ఇంటి ఆడోళ్ళకు ఏమి రోగము? రాయి మాదిరి ఉండారు. లేదని రాసుకోమ్మా."

లోపలికి వెళ్ళి చిన్నమ్మనే అడిగితే ఆయన మాట నమ్మనట్టవుతుంది. తనను పట్టుబట్టి చదివించిన మనిషి. లేదని రాసుకుంది. పక్కింట్లోనూ, ఆ పక్కింట్లోనూ అలాగే రాసుకుంది. నొప్పి ఉందన్నవాళ్ళకే ఈసీజీ తీశారు. బయటివాళ్ళైతే తెలియక చేశారనుకోవచ్చు. ఈమె తెలిసే మర్యాదకు పోయింది. ఒళ్ళు మండేది అక్కడే.

మొన్న వేసవిలో ఒక ట్రస్టు కోవిల్‌పట్టిలో ఉచిత గుండె పరీక్షల క్యాంపు పెట్టింది. చిన్నమ్మ పాపమ్మాళ్ వెళ్ళింది. వీపు లాగుతోందని, నడిస్తే దవడ దాకా పాకుతోందని చెప్పుకుంది. బీపీ చూసి, గ్యాస్ మాత్రలిచ్చి పంపారు. నెల తిరక్కుండానే అగ్గిపెట్టెల ఆఫీసులో పుల్లలు సర్దుతూ పక్కకు ఒరిగిపోయింది. వ్యాన్‌లోకి ఎక్కించేసరికే ప్రాణం లేదు.

జోతిలక్ష్మి విరుదునగర్ నుంచి వచ్చేసరికి ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. ఆమెకు ఏడుపు రాలేదు. వెళ్ళి చిన్నాయన పక్కన కూర్చుంది. ఆయన "క్యాంపులో నీ పేరు చెప్పిరమ్మా" అన్నాడు. "ఈ పక్క ఆడోళ్ళకు గుండె రోగము తక్కువని మీ ఊరి డాక్టరమ్మే రాసుండాది, అందుకని ఈసీజీ మిషను మగోళ్ళకే అనిరంట. మీ చిన్నమ్మకు ఎంత సంతోసమో! ఊరంతా చెప్పుకుంటా తిరిగె."

ఆ మాటలో దెప్పు లేదు. ఉన్నదంతా గర్వమే. దెప్పి ఉన్నా బాగుండేది. జోతిలక్ష్మి తల ఊపింది. ఎవరో కాఫీ ఇస్తే తాగింది, రుచి తెలియలేదు. దుఃఖం లోపల ఎక్కడో ఉండాలి, వెతికితే మాత్రం ఏమీ తగల్లేదు.

కర్మాంతరం అయ్యాక, పేపరు అచ్చేసిన పత్రికకు రాసింది, తన సర్వే తప్పని, పేపరు వెనక్కు తీసుకుంటానని. విషయం తెలిసి కాలేజీలో పెద్దాయన ఒకరు పిలిచారు. "నాలుగు వందల మంది నమ్మిన మాటను నువ్వు కాదంటే ఎలాగమ్మా? కాలేజీ పేరేం కావాలి?" అన్నారు. "సరే సార్" అని వచ్చేసింది. ఉత్తరం అప్పటికే పంపేసిన సంగతి చెప్పాలనిపించలేదు. విచారించి చెబుతామని పత్రికవాళ్ళు జవాబిచ్చారు. వాళ్ళ విచారణ సాగుతూనే ఉంది, సైటేషన్లు పెరుగుతూనే ఉన్నాయి.

ఆమె సెలవు పెట్టి, ఈసీజీ మిషన్ తీసుకుని ఊరికి వచ్చింది. మొదట చిన్నాయన ఇల్లే. కోడలు రాజాత్తిని పిలవమంటే ఆయన అలవాటు కొద్దీ, "దానికేమి, గుండ్రాయి మాదిరి..." అని మొదలుపెట్టాడు.

"చిన్నాయనా, మీరు కొంచెము బయట కూర్చోండి."

పుట్టి బుద్ధెరిగాక ఆయనతో అలా మాట్లాడటం ఇదే మొదలు. ఆయన ఆమె మొహం చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని లేచి వెళ్ళాడు.

రాజాత్తి పిండి చేతులతోనే వచ్చి నిలబడింది. నలభై దగ్గరపడుతున్న మనిషి.

"వీపులో నొప్పి ఏమైనా ఉండాదా రాజాత్తీ?"

"ఉండాది వదినా. అత్తకు వచ్చినట్టే. చెయ్యి దాకా లాగుతాది."

"ఎన్నాళ్ళుగా?"

"మీరు మొదట కాగితము ఎత్తుకొని వచ్చిరే, అప్పుడే ఉండె. నన్ను అడుగుతారని తలుపు వెనకనే నిలబడి ఉంటి."