బుగ్గ నుంచి గడప దాకా

మా బావ నోరు తెరిస్తే మూసేవాడు కాదు. ఎనభైల్లో ఆయన దుబాయి నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చినప్పుడు మా ఇంట్లో ఇంకెవరి గొంతూ వినబడలేదు. అక్కడి రోడ్లు, అక్కడి ఏసీలు, సముద్రపు నీళ్లను మిషన్లో పోసి తాగే నీళ్లుగా మార్చే తీరు. చీకటి పడ్డా నల్ల కళ్లద్దాలు తీయడు. నేనప్పుడు కరీంనగర్‌లో డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చాను. ఆయన్ను చూస్తే ఒళ్లు మండేది. సెంటు సీసాలకు, సబ్బులకు ఆశపడి ఆ మాటలు నోరెళ్లబెట్టి వినే మా చుట్టాలను చూస్తే ఇంకా మండేది.

ఆయన లేనన్నాళ్లూ అక్క, వాళ్ల పాప మాతోనే ఉండేవాళ్లు. ఇప్పుడు మొగుడు ఎదురుగా ఉన్నా అక్కకు మాట్లాడే సందు దొరకలేదు. ఆమె "ఇగో" అనేలోపే ఆయన ఏదో కథ అందుకునేవాడు. మళ్లీ పోవద్దన్న మాట ఎత్తితే మాత్రం మొహం వేలాడేసేవాడు. "నాకు మాత్రం పోబుద్ధయితుందా? మీ బాపు, మా అవ్వ ఊకుంటరా? నా చేతుల ఏమున్నది?" అనేవాడు. పాపం, ఎవరో రెక్కలు విరిచి కట్టి విమానం ఎక్కిస్తున్నట్టు.

పయనానికి ముందు బుగ్గకు పోవాలి. లక్సెట్టిపేట దాటాక అడవి అంచున మా ఊరు. అడవి లోపల, గుట్ట కింద రాళ్ల నడుమ ఎండాకాలంలోనూ నీళ్లూరే చోటును మేము బుగ్గ అంటాం. దేశం పోయేవాడు ఆ నీళ్లు తానే చెంబులో ముంచి ఇంటికి తెచ్చి, కొన్ని సీసాలో వెంట తీసుకుపోవాలి. దిగినచోట మొదటి గుక్క అవే తాగితే పరాయి నీళ్లు ఒంటికి పడతాయని మా వాళ్ల నమ్మకం. అయితే నీళ్లు ముంచింది మొదలు ఇంటి గడప దాటి లోపలికొచ్చేదాకా ఆ మనిషి మాట్లాడకూడదు. మాట్లాడితే నీళ్లు అక్కడే పారబోసి పయనం మానుకోవాలి. మా చిన్నాయన ఒకసారి దారిలో పామును చూసి కేక పెట్టాడు. మస్కట్ వీసా చేతిలో ఉన్నా బాపు పోనివ్వలేదు. చిన్నాయన పసుపు పంట వేసుకుంటూ ఇక్కడే బతికాడు, బాగానే బతికాడు.

పొద్దున్నే బావ, అక్క, నేను బయలుదేరాం. ఇక్కడ పులులున్నాయి, జాగ్రత్త అని రాసిన బోర్డు దగ్గర ఆగి, అక్కడైతే పులులను కూడా ఏసీలో పెడతారని బావ చెప్పాడు. ఎండిన టేకాకులు తొక్కుతూ బూట్లు పాడవుతున్నాయని గొణిగాడు. తీరా బుగ్గ చూసి "గింతేనా?" అన్నాడు. నిజమే, తట్టంత గుంట. అడుగున ఇసుక ఉడుకుతున్న అన్నంలా మెల్లగా కదులుతుంటుంది, నీళ్లేమో చేయి జివ్వుమనేంత చల్లన. ఆయన ప్యాంటు నలగకుండా గొంతుకూర్చుని చెంబు ముంచాడు. పైన మోదుగాకు కప్పి లేచాడు. అడవిలో అన్ని పిట్టలున్నాయని నాకు అప్పుడు గానీ తెలియలేదు.

ఆయన ముందు, అక్క ఆయన వెనక, ఆమె వెనక నేను. కొంత దూరం నడిచాక అక్క మొదలుపెట్టింది.

"నీ బిడ్డ నిన్ను దుబాయి మామ అంటుంది, ఇన్నవా? నేను నేర్పలే. దానికి జరమొచ్చినప్పుడు నేనొక్కదాన్నే కూసున్న. క్యాసెట్ల మాత్రం మంచిగున్నం అని మాటలు నింపి నీకు పంపిన. మంచిగ లేం."

బావ నడుస్తూనే ఉన్నాడు. ఊరి ఇళ్లు కనబడేచోట అక్క ఆయనకు ఎదురుగా పోయి నిలబడింది.

"నీ చేతుల ఏం లేదంటివి గద. గిప్పుడున్నది. ఒక్క మాట మాట్లాడు. నా పేరు పెట్టి పిలువు, సాలు. బాపు పయనం ఆపుతడు. నిన్ను ఎవ్వలు ఏమనరు. నేనే మాట్లాడిచ్చిన అని చెప్త."

ఆయన పెదాలు కదిలాయి. అన్నాళ్లూ ఆ నోరు ఎప్పుడు మూతపడుతుందా అని ఎదురుచూసిన నేను, మాట్లాడు బావా, మాట్లాడు అని లోలోపల బతిమాలుకున్నాను.

ఆయన పక్కకు తిరిగి, పొలం గట్టెక్కి, అక్కను తప్పుకుని పోయాడు. ఒక్క చుక్క ఒలకనివ్వలేదు.

గడప దాటగానే, "అత్తమ్మా, గా బూట్లు జూడు, ఎట్లయినయో" అన్నాడు మా అవ్వతో. అక్క లోపలి నుంచి సీసా తెచ్చి పట్టుకుంది. ఆయన నీళ్లు పోస్తుంటే పక్కింటి పెద్దమ్మ వచ్చి, "మల్ల పోతున్నవా కొడుకా?" అని అడిగింది.

బావ మొహం వేలాడేశాడు.

"ఏం జేస్తం పెద్దమ్మా, నా చేతుల ఏమున్నది?"

సీసా నిండేదాకా అక్క ఆయన మొహం వైపు చూడలేదు. నిండాక బిరడా బిగించి ఆయనకిచ్చి, పాపకు అన్నం పెట్టడానికి లోపలికి పోయింది.