బావగారి ఆయ్

మొన్న ఆరోగ్యశాఖ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడి నయంచేసే సైకాలజిస్టులు ప్రభుత్వాసుపత్రులకి ఎంతమంది కావాలో లెక్క వేస్తున్నామనీ, పాత సిబ్బందినీ అడుగుతున్నామనీ చెప్పి, మీవైపు నెలకోసారి ఒకరొస్తే సరిపోతుందా అని అడిగితే, నోటిదాకా వచ్చిన మా కోనసీమ 'ఆయ్'ని గబుక్కున మింగేశాను. ఎందుకు మింగానో నా ఈడువాళ్లకి చెప్పుకోవాలనిపిస్తోంది.

ఏడో తరగతిలో చదువు నన్ను వదిలిందో, నేను దాన్ని వదిలానో ఇప్పటికీ తేలలేదు గానీ, ఆసుపత్రిలో అటెండరుగా చేరి ఓపీ చీటీలు అందిస్తూనే రిటైరయ్యాను. నా ఉద్యోగం చివరి సంవత్సరాల్లో అనంతపురం వైపు నుంచి ఒక సైకాలజిస్టు మేడం వచ్చారు. సూది లేదు, బిళ్ల లేదు, ఎదురుగా కూచోబెట్టుకుని మాట్లాడించడమే వైద్యం. మాటలకి జీతమిచ్చే ఉద్యోగం ఒకటుందని ముందే తెలిస్తే నేనూ ఇంకాస్త చదివుండేవాణ్ణి.

ముక్తేశ్వరంలో మా బావగారు, నన్ను ఏడిపించందే కాఫీ దిగని మనిషి, మా అక్క పోయాక నోరు మూసేసుకున్నారు. కాయల దింపు తీసేవాళ్లు వచ్చి నిలబడినా కొబ్బరిచెట్ల వైపు చూసేవారు కాదు. బతిమాలి ఆయన్ని మేడం దగ్గరికి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. ఆవిడ తొందరపెట్టకుండా ఆయనతోపాటు తనూ ఊరికే కూచునేవారు. తనేం చెప్పినా మావాళ్లు 'ఆయ్' అంటుంటే మొదట్లో ఒప్పుకున్నారని మురిసిపోయి, అందులో సగానికి సగం మర్యాదేనని తెలిశాక నన్ను దెప్పేవారు.

"మీ కోనసీమలో 'కాదు' అనే మాట ఎవరూ నేర్పలేదా?"

"నేర్పేరండి మేడంగారూ. పెద్దవాళ్ల ముందు వాడమండి."

ఇంతలో రాజధాని నుంచి ఒక అధికారిగారు, ఏ ఆసుపత్రికి ఎంతమంది కావాలో చూడ్డానికని వచ్చారు. మంచాయనే, కాగితాలు చూసి సరిపెట్టుకోక బెంచీమీదున్న వాళ్లనే అడగసాగారు. బావగారి ముందు వంగి, మేడం రాజోలు, కొత్తపేట కూడా చూసుకుంటూ ఇక్కడికి నెలకోసారి వస్తే సరిపోతుందా అన్నారు. బావగారు తలెత్తారు. పెదాలు కదిలాయి.

"ఆయ్."

అక్క పోయాక ఆయన నోట విన్న మొదటి మాట అది. నా చేతిలో చీటీలు జారిపోయాయి, మేడం కళ్లు తుడుచుకున్నారు, అధికారిగారు సరిపోతుందని రాసుకున్నారు. తక్కినవాళ్లూ ఆయ్ అనే అన్నారు. అంత దూరం నుంచి వచ్చిన మనిషి వంగి అడిగితే చాలదని ఎలా అంటారు? తేరుకుని, అది ఉత్త మర్యాదేనని మేడం ఎంత చెప్పినా, "వాళ్లే అన్నారు కదమ్మా" అని ఆయన జీపెక్కేశారు.

మేడం మూడు ఊళ్ల మనిషైపోయారు. ముసురు పట్టినా, మీటింగు పడినా ఆ నెలకోసారీ లేదు, ఆనక బదిలీ. బావగారు పోయేదాకా మళ్లీ నోరు విప్పలేదు. ఆయన్ని నవ్వించడానికి నా దగ్గరున్న హాస్యమంతా ఖర్చుపెట్టి నేనే అలసిపోయాను.

అందుకే మొన్న ఆ అమ్మాయితో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మర్యాద తప్పాను.

"చాలదమ్మా. ఊరికొకరుండాలి, రోజూ ఉండాలి."

"ఓకే అంకుల్" అని పెట్టేసింది.

ఇప్పటి పిల్లలు ఆయ్ అనడం మానేశారు. మన ఆయ్‌లో ఏముందో ఆ అధికారిగారికి తెలియలేదు. ఈ ఓకేలో ఏముందో నాకు తెలియదు, అడిగి చెప్పించుకుందామంటే మేడం కూడా ఇక్కడ లేరు.