కుక్కపిల్ల కోసం నైట్ డ్యూటీ

1981లో నేను రామచంద్రపురంలో పశువుల డాక్టరుగా ఉండేవాడిని. మాది ముఖ్యంగా గేదెల ఆసుపత్రి. ఆవరణలో ఉన్న ట్రెవిస్, అంటే వైద్యం చేసేటప్పుడు పశువును కదలకుండా నిలబెట్టే చట్రం, పొద్దుటి నుంచి ఖాళీ ఉండేది కాదు. ఎవరైనా కుక్కను ఎత్తుకొస్తే మా కాంపౌండరు ముసిముసిగా నవ్వేవాడు. నాకూ విసుగ్గానే ఉండేది.

ఆ వానాకాలంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఆపరేటరు దానియేలు గారు ఒక కుక్కపిల్లను తువ్వాలులో చుట్టి తెచ్చారు. యాభై దాటిన మనిషి. ముందటి ఏడాదే భార్య పోయింది, పిల్లలు లేరు. ఊళ్ళో ఫోనున్న వాళ్ళందరికీ ఆయన గొంతు తెలుసు, మనిషిని ఎరిగినవాళ్ళు తక్కువ. ఆదివారాలు చర్చి క్వయర్‌లో పాడతారని విన్నాను.

“దీని తల్లి మా ఆఫీసు ముందే లారీ కింద పడిందండి. నేనుంటే పాలు తాగుతుంది, లేకపోతే మూతి తిప్పేస్తుంది,” అన్నారు.

పిల్ల చర్మం పట్టి లాగి వదిలాను. మడత అలాగే నిలబడిపోయింది. డీహైడ్రేషన్, అంటే ఒంట్లో నీరు తగ్గిపోవడం. చర్మం కింద సెలైన్ ఎక్కించాను.

“ఇది నెల పిల్లండి. రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, వెచ్చగా ఉంచాలి. మీరు డ్యూటీకి వెళ్తే ఎవరు చూస్తారు?”

“ఎవరూ లేరండి.”

“అయితే పగలు ఇక్కడ వదలండి,” అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

మా కాంపౌండరు ఇంకు ఫిల్లరుతో పట్టిన పాలన్నీ దాని మూతి పక్కనుంచి కారిపోయాయి. దానియేలు గారు కాల్స్ మధ్య తీరిక దొరికినప్పుడల్లా ఫోన్ చేసి, “తాగిందాండీ?” అని అడిగేవారు. రెండో రోజు, “ఒక్కసారి రిసీవరు దాని చెవి దగ్గర పెట్టండి,” అన్నారు. గేదెలతో వచ్చిన రైతులు చూస్తుంటే సిగ్గుపడుతూనే పెట్టాను. పిల్ల ఆ గొంతు విని లేచింది. తూలుకుంటూ ఫోను చుట్టూ తిరిగింది, బల్ల కిందంతా వెతికింది. మనిషి కనబడకపోయేసరికి ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు ఆయనకూ వినిపిస్తోంది. గబగబా రిసీవరు పెట్టేశాను.

సాయంత్రం ఆయన రాగానే చెప్పేశాను. “ఇలాగైతే ఇది బతకదండి. కడియంలో నాకు తెలిసిన నర్సరీ వాళ్ళున్నారు. మొక్కల దగ్గర రోజంతా మనుషులుంటారు. వాళ్ళకి ఇచ్చేయండి.”

పిల్ల ఆయన ఒళ్ళో గుటకలు వేస్తూ పాలు తాగుతోంది. “రేపు చెబుతానండి,” అన్నారు.

మర్నాడు మనిషీ రాలేదు, పిల్లా రాలేదు. నాకు భయమేసింది. ఎక్స్ఛేంజికి ఫోన్ చేస్తే వేరే గొంతు పలికింది.

“దానియేలు గారు నైట్ డ్యూటీకి మారారండి. అందరం తప్పించుకునే డ్యూటీ అది. ఆయనేమో ఎప్పటికీ తనకే వెయ్యమని అడిగి మరీ తీసుకున్నారు. పగలు ఇంట్లో ఉండాలంట. రాత్రి ఆఫీసులో ఎవరూ ఉండరు కదా, పిల్లని వెంట తెచ్చుకుంటున్నారు.”

కొన్ని నెలలకు రేబిస్ టీకా వేయించడానికి వచ్చారు. కుక్క నిగనిగలాడుతోంది, వస్తూనే కాంపౌండరు పంచె కొరికింది. ఆయన మాత్రం చిక్కిపోయారు, కళ్ళు లోపలికి పోయాయి.

“మరి నిద్రెప్పుడండి?”

“ఇది పడుకున్నప్పుడే నేనూ పడుకుంటానండి.”

“క్వయర్ మానేశారటగా?”

“నేను లేకపోయినా అక్కడ పాట ఆగదు కదండీ,” అన్నారు దాని మెడ నిమురుతూ. “ఇదైతే నేను లేకపోతే ఏమీ ముట్టదండి.”

ఏదో గొప్ప ఉద్యోగం దొరికినట్టు చెప్పారా మాట.

కుక్కపిల్లను పెంచడానికి ఎంత తీరిక కావాలని ఎవరైనా అడిగితే ఇప్పుడు పాల సంగతి, టీకాల సంగతి తర్వాత చెబుతాను. దానికోసం మీరేం వదులుకుంటారని ముందు అడుగుతాను. చాలామంది ఆలోచించుకుని వస్తామని వెళ్ళిపోతారు. అన్నీ వదులుకుంటాననే మనిషి ఎప్పుడైనా వస్తే మెచ్చుకోవాలో, బాధపడాలో తెలియదు. ఆ మనిషికి ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరేమోనని దిగులేస్తుంది.