హవాయి ప్రయాణానికి రిహార్సల్

మనవడినీ మనవరాలినీ తీసుకుని మేమిద్దరమే హవాయి వెళ్ళొస్తామని నేనే అన్నాను. నోరు జారినట్టుగా అన్నాను గాని, వారం రోజులుగా ఆ మాట నాలుక చివరే ఉంది.

ఈ దేశమొచ్చి, అరోరాలో మా అమ్మాయి ఇంట్లో అయిదేళ్ళుగా ఉంటున్నాం. ఈ అయిదేళ్ళలో పిల్లలు మమ్మల్ని ఇంట్లో తప్ప ఇంకెక్కడా సరిగ్గా చూడలేదు. వాళ్ళ లెక్కలో అమ్మమ్మ అంటే పెరుగన్నం, తాత అంటే స్కూల్ బస్సు ఆగే చోటు. పెద్దవాడికి పదకొండేళ్ళు. ఇంకో రెండేళ్ళు పోతే మాతో రమ్మని బతిమాలినా రాడు. చిన్నదానికి ఏడు. ఆ వేసవిలో మా అమ్మాయికి ఆఫీసులో కొత్త సిస్టమ్ మొదలవుతోందని జులై అంతా సెలవు దొరకలేదు. అల్లుడు ఉద్యోగం మారి రెండు నెలలే అయింది, సెలవు అడగడానికి అతనికి మొహమాటం. పిల్లలిద్దరూ సోఫాలో చెరో మూలా ఐప్యాడ్‌లు పట్టుకుని ముడుచుకుపోతుంటే నాకు ఒళ్ళు మండేది.

నా మాట విని మా అమ్మాయి తినడం ఆపేసింది. "నువ్వూ అమ్మా? ఇద్దరు పిల్లలతోనా? అది తొమ్మిది గంటల ఫ్లైట్ నాన్నా!"

"దాన్ని నేను నడపక్కర్లేదుగా?"

"మనం కాస్త ఊరుకుంటే మీ నాన్న నడిపినా నడుపుతారు" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

వారం రోజులు తర్జనభర్జన పడి అమ్మాయి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఇక దాన్ని పట్టలేకపోయాం. లాప్‌టాప్‌లో ఒక పెద్ద షీట్ తెరిచి, ఏ రోజు ఎక్కడ, ఏ పూట ఏం తినాలి, ఎవరు ఎవరిని చూసుకోవాలి, అన్నీ గళ్ళు కట్టి రాసింది. ఎయిర్‌పోర్ట్ నుంచి వ్యానులో తీసుకెళ్ళే హోటల్ వెతికింది, మా ఆవిడ కోసం గదిలోనే స్టవ్వుండాలంది. పిల్లల్ని వాళ్ళ తాతా అమ్మమ్మలతో పంపడం మాకు సమ్మతమే అని కాగితం రాసి, మొగుడూ పెళ్ళాలిద్దరూ సంతకాలు చేసి నోటరీ చేయించారు. అక్కడికి మొక్కలూ ఆకులూ తీసుకెళ్తే ఫారం మీద రాయాలని తెలిసి మా ఆవిడ ఒక పూటంతా సణిగింది. "కరివేపాకు రెబ్బకి కూడా ఫారమా? నాకొద్దు, కందిపొడి చాలు" అని తేల్చేసింది.

నేనూ ఒక నోట్‌బుక్ పెట్టాను. విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ణి. మా పనిలో మనిషి స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఆ లైన్లో కరెంటు తీయించాలి. అవతలివాడు "తీశాను" అంటే సరిపోదు. ఏ లైనో వాడి నోటితో చెప్పించి, అదే మాట మనం తిరిగి చెప్పి, వాడు అవునన్నాకే మనిషిని ఎక్కించాలి. ఈ విషయంలో నేను తిట్టని లైన్‌మ్యాన్ లేడు. ఆ అలవాటుతోనే పిల్లల కోసం నా నోట్‌బుక్‌లో మొదటి రూలు రాశాను: నీళ్ళలో ఎవరు పిలిచినా రెండోవాళ్ళు వెంటనే పలకాలి. నేను పిలిస్తే మీరు, మీరు పిలిస్తే నేను. కింద ఇద్దరిచేతా సంతకాలు పెట్టించాను. చిన్నది తన పేరు పక్కన చేప బొమ్మ కూడా వేసింది.

నా చెవుల సంగతి ఇక్కడ చెప్పాలి. రెండు చెవుల్లోనూ మిషన్లుంటాయి. చాలా చిన్నవి, వెతికితే తప్ప కనపడవు. అవి ఉంటే పై గదిలో మాటలు కూడా వినిపిస్తాయి. ఎంత బాగా పనిచేస్తాయంటే, నాకు చెవుడన్న సంగతే ఇంట్లో అందరూ మరిచిపోయారు. కానీ నీళ్ళలో దిగేటప్పుడు వాటిని తీసెయ్యాలి. తీసేస్తే ఇక ఎదుటివాళ్ళ పెదాలు చూసి పోల్చుకోవడమే. ఇదివరకు కాలనీ పూల్‌కి వెళ్ళినప్పుడల్లా అమ్మాయో అల్లుడో తోడుండేవారు కాబట్టి ఎవరికీ ఈ ఆలోచన రాలేదు. ఇప్పుడు అమ్మాయి షీట్‌లో "సముద్రంలో పిల్లలతో: నాన్న" అని రాసి ఉంది. మా ఆవిడకి ఈత రాదు, నాకు బాగా వచ్చు. ఆ గడి చూసి నేను పొంగిపోయాను. చెవుల మాట గుర్తుచేస్తే ఆ గడిలోంచి నా పేరు పోతుందని తెలుసు. కళ్ళున్నాయిగా, చూస్తూ ఉంటే సరిపోదా అనుకున్నాను. ఆ రూలు రాసేటప్పుడు నా చెవులు నాకు గుర్తులేవా అంటే, ఉన్నాయి. అయినా రాశాను.

టికెట్లు కొనే ముందు ఒక రిహార్సల్ చేస్తే బాగుంటుందని అమ్మాయి అంది. శనివారం పొద్దున్న నేనూ మా ఆవిడా పిల్లల్ని తీసుకుని కాలనీ పూల్‌కి వెళ్ళాం. మా ఆవిడ గొడుగు కింద కుర్చీలో తువ్వాళ్ళకి కాపలా. నేను చెవి మిషన్లు డబ్బాలో పెట్టి ఆమె చేతికిచ్చాను. ఆమె నా మొహంలోకి ఒక చూపు చూసి, డబ్బా సంచిలో పెట్టుకుంది.

మొదట అంతా బాగానే ఉంది. నేను పిలిచినట్టు చెయ్యెత్తితే ఇద్దరూ నోరు తెరిచి పలుకుతున్నారు. నాకేం వినపడకపోయినా తలూపుతున్నాను. తర్వాత పెద్దవాడు మునిగి ఈదడం చూపిస్తానన్నాడు. వాణ్ణి చూస్తూ, ఎన్ని బారలు వెళ్ళాడో లెక్కపెడుతూ నిలబడ్డాను. అంతలో వాడు తేలి, నా వెనక్కి చూపించి ఏదో అరిచాడు. తిరిగి చూస్తే చిన్నది పూల్ గోడ పట్టుకుని దగ్గుతోంది. నీళ్ళు మింగింది. మా ఆవిడ కుర్చీలోంచి లేచి, చెప్పులతోనే పూల్ అంచుకి వచ్చేసి, దాని చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. లైఫ్‌గార్డ్ అమ్మాయి కూడా దిగడానికి సిద్ధంగా నిలబడింది.

ఏమీ కాలేదు. అక్కడ దాని కాళ్ళు నేలకి అందుతాయి కూడా. కానీ ఒడ్డుకొచ్చి నేను మిషన్లు పెట్టుకోగానే ఆ పిల్ల వాళ్ళమ్మలా నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది: "తాతా, నేను పిలిచింది. ఫోర్ టైమ్స్ పిలిచింది. నువ్వు ఎందుకు పలకలేదు? నువ్వు సైన్ చేసింది కదా!"

నిజానికి నేను సంతకం పెట్టలేదు. వాళ్ళచేతే పెట్టించాను. జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ తెరిచి సిద్ధంగా కూర్చుంది. టికెట్లూ హోటలూ అన్నీ ఎంచి పెట్టింది, ఇక నొక్కడమే తరువాయి.

"ఎలా జరిగింది? బుక్ చేసెయ్యనా?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను నోరు విప్పేలోగా పెద్దవాడు "ఇట్ వాజ్ గుడ్ అమ్మా" అన్నాడు. చిన్నది అన్న మొహం చూసి, "గుడ్" అంది అదీను. మళ్ళీ దగ్గొస్తే నోరు మూసుకుని ఆపుకుంది.

నాకోసం దాస్తున్నారు వాళ్ళు. నిజం చెబితే తాత ప్రయాణం ఆగిపోతుందని ఆ పసివాళ్ళకి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. వాళ్ళకి నేను నేర్పింది ఇదా అని నా మీద నాకే కోపం ముంచుకొచ్చింది.

"బుక్ చెయ్యొద్దు" అన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

అమ్మాయి లాప్‌టాప్ పక్కకి జరిపింది. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండును. "ఒకసారి అవి తీసి అటు తిరిగి కూర్చో నాన్నా. నీకు ఎంత వినపడుతుందో చూస్తాను" అంది.

తీసి టేబుల్ మీద పెట్టాను. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బయట ఎవరో కారు కడుక్కుంటున్నారు. పిలుస్తుందని చూస్తూ కూర్చున్నాను. ఎంతకీ పిలవదే!

"ఇక మొదలుపెట్టమ్మా" అన్నాను, అటు తిరిగే.

భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే అమ్మాయి నా వెనకే, ఒక్క అడుగు దూరంలో నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు. మొహం ఎర్రబడిపోయి ఉంది, అరిచి అరిచి. మెట్ల మీద పిల్లలిద్దరూ బిక్కచచ్చి నిలబడ్డారు.

మిషన్లు పెట్టుకున్నాక మొదట వినిపించింది దాని ఏడుపే. "నాకు తెలీదు నాన్నా, ఇంతని నాకు తెలీదు" అంటోంది. నేనే దాచుకుంటే దానికెలా తెలుస్తుంది?

"నేను నీళ్ళలో దిగను. ఇవి పెట్టుకుని ఒడ్డునే కూర్చుంటాను. లైఫ్‌గార్డ్ ఉన్న చోట, మోకాళ్ళ లోతు దాటకుండా పిల్లల్ని ఆడుకోనీ. షీట్‌లో అలా మార్చు" అన్నాను. మనవలతో సముద్రంలో ఈదాలన్నదే నా ఆశ. మా ఆవిడ "మోకాళ్ళ లోతైతే నేనూ దిగుతాను, నాకేం భయం" అంది, ఎవరూ అడక్కుండానే.

అమ్మాయి కళ్ళు తుడుచుకుని, ఆ గడిలో నా పేరు చెరిపి, పక్కన "ఒడ్డున" అని ఇంకో గడి కట్టి అందులో రాసింది. ఇంకో రెండుసార్లు అంతా చదువుకుని బుక్ చేసింది.

చిన్నదానికి మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ సాయంత్రమంతా గరాజ్‌లోంచి ఒకసారి, పెరట్లోంచి ఒకసారి, బాత్‌రూమ్ తలుపు వెనకాల నుంచి ఒకసారి "తాతా!" అని పిలుస్తూనే ఉంది. ప్రతిసారీ పలికాను. రెండుసార్లు అది పిలవకపోయినా పలికాను.