ఎస్ సర్ అంటే చాలదా?

ఉదయం ఎనిమిదీ పదికి కెనడాలోని విండ్సర్‌లో సిటీ బస్సు కదిలింది. పక్క సీట్లోని పెద్దావిడ నా చేతిలో తెలుగు పుస్తకం చూసి పలకరించింది.

"అద్దింట్లో మంట నావల్లే అంటుకుందని ఓనరు కేసేశాడు బాబూ. నేను స్టవ్ కట్టేసే పడుకున్నా. ఇవాళే కోర్టు. నాకు ఇంగ్లీషు రాదు. ఇంటర్‌ప్రెటర్‌కి డబ్బు మనమే కట్టుకోవాలంట, మా అమ్మాయి వద్దంది. జడ్జిగారు ఏమడిగినా 'ఎస్ సర్' అంటా. చాలదా?"

నా భార్య పోయి నెల కాలేదు. ఎవరితోనూ మాట్లాడాలని లేదు. 'మంట మీవల్లేనా అని అడిగితే?' అని నేను అడగాల్సింది.

"చాలు లెండి" అని పేజీ తిప్పాను.

కోర్టు దగ్గర దిగుతూ, "ధైర్యం చెప్పావు బాబూ" అని ఆమె చేతులు జోడించింది.

అప్పటినుంచి నేను బస్సులో పుస్తకం తెరవడం లేదు.