మా పెరట్లో కాయని స్ట్రాబెర్రీ

ల్యాబువాళ్లు నన్ను నిలువునా ముంచారు. కాయ కాయని స్ట్రాబెర్రీ మొక్కల్ని అంటగట్టారు.

ఈ రెండు వాక్యాలనూ నేను శ్రీకాకుళంలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. బస్సులో పక్క సీటువాడికీ చెప్పాను. అందుకే ఆ తర్వాత జరిగిన పరువునష్టం కూడా జిల్లాస్థాయిలోనే జరిగింది. వినండి.

నేను కాలేజీ మెట్లెక్కలేదు. చదివిందంతా సొంతంగా చదివాను. కాబట్టి నాకు తెలియదని చెప్పే గురువు లేకపోయాడు. పైగా నాస్తికుణ్ణి, దేవుడి గదిలోకి తొంగిచూడటం నా సిద్ధాంతానికి విరుద్ధం. అరకులో స్నేహితుడి తోటకెళ్లి రెండు రకాల స్ట్రాబెర్రీలకు నా చేత్తోనే సంకరం చేశాను. ఆ గింజలు తెచ్చి పెరట్లో మొలకెత్తించాను. మన ఎండకు అన్నీ అప్పడాల్లా వేగిపోయాయి, ఒక్కటి తప్ప. రోహిణి కార్తెలో కూడా అది తల వంచలేదు. నేను పుట్టించిన మొక్క! దాని పండొక్కటి నాలుక మీద వేసుకుంటే నా జన్మకి చాలనుకున్నాను.

అది పిలకలు వెయ్యదు. అందుకని ఒక్కదాన్ని పదులు చేయించడానికి టిష్యూ కల్చర్ ల్యాబుకి మోసుకెళ్లాను. అక్కడి మేడం మనవరాలి వయసు పిల్ల.

"పండు రుచి చూశారా, తాతగారూ?"

"ఇంకా కాయలేదమ్మా."

"కాశాక చూసి, బాగుంటే అప్పుడు పెంచుదాం."

"మా ఎండకి బతికినాది. ఇంకా పరీక్షేటమ్మా?"

చిగురు కొస నుంచి ఆవగింజలో సగం ముక్క తీసి, సీసాలో జున్నులాంటి మేత మీద పెట్టింది. ఆ ముక్క పిల్లల్ని పెట్టింది, పిల్లలు పిల్లల్ని పెట్టాయి. అచ్చు తల్లి పోలికే. కొన్ని తన దగ్గర ఉంచుకుని, మిగిలినవి నాకిచ్చింది.

చలి ముదిరింది. సాయంత్రం మొగ్గ కనిపించేది. పొద్దెక్కి నేను లేచేసరికి ఉండేది కాదు. మా బామ్మర్దికి బజార్లో కిరాణా కొట్టుంది. అటు వెళితే చాలు:

"బావా, తూకంరాళ్లు తుడిసి ఉంచినాను. సరుకెప్పుడొస్తాది?"

"వస్తాదిరా."

"ఏటొస్తాది, ఆకులా? అయితే మేకలోళ్లకి కబురెట్టేస్తాను."

రక్తం మరిగి ల్యాబుకి ఫోను చేశాను. "అమ్మా, నకలు తియ్యడంలో మీరేదో తప్పు చేశారు. మొగ్గ నిలవడం లేదు."

"మా దగ్గరున్నవి పిందెలేశాయి, తాతగారూ. మీ మొగ్గలు రాలి కింద పడుతున్నాయా?"

"కింద పడ్డవి చూడటానికి నేనేమైనా పెరడు ఊడ్చేవాణ్ణా?" అని పెట్టేశాను. ఊడ్చేది మా ఆవిడ సూరమ్మ. ఆ మాటకి అక్కడే ఆగి ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

రథసప్తమి వచ్చింది. సూరమ్మ పెరట్లో పిడకల మీద పాలు పొంగించింది. పండక్కి వచ్చిన బామ్మర్ది చిక్కుడాకులో పరమాన్నం తెచ్చి, పైన పూజ చేసిన పువ్వొకటి పెట్టాడు.

"కళ్లకద్దుకో, బావా."

సిద్ధాంతం ప్రకారం వద్దనబోయి, ఆగిపోయాను. ఐదు తెల్లరేకులు. మధ్యలో పసుపుపచ్చ బొడ్డు.

"సూరమ్మా! ఈ పువ్వెక్కడిది?"

"ఏటలాగ అరుస్తన్నారు? మన పెరట్లోదే. రోజూ మీరు లేవకముందే కోసి దేవుడికెడతన్నాను. మందారాలు తగ్గిపోనాయి గానీ ఇవి బలే పూస్తన్నాయి. ఇన్నాళ్లకో మంచి పని సేసినారు."

"అవి పళ్ల మొక్కలే!"

"బస్సులో వోళ్లందరికీ సెప్పినారు. నాకెప్పుడైనా సెప్పినారేటి?"

బామ్మర్ది నా వాటా పరమాన్నం కూడా తినేసి, "బావా, తూకంరాళ్లు దేవుడి గదిలో ఎట్టమంటావా?" అన్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నా విషయంలో సైన్సు వరమిచ్చింది, సూరమ్మ దేవుడికిచ్చేసింది.

కనుక సమస్త జనులకూ తెలియజేయునదేమనగా, ఇకమీదట ఏ శాస్త్రాన్ని తిట్టాలన్నా ముందు మా దేవుడి గదిలోకి తొంగిచూసి, ఆ తర్వాతే తిడతానని సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆయన్ని నేను నమ్మను. కానీ నా పంటంతా తీసుకున్నాడు కాబట్టి, సాక్ష్యం చెప్పాల్సిన బాధ్యత ఆయనకుంది.

మేడంకి క్షమాపణ పంపి, మీ దగ్గరున్న మొక్కల పండు ఎలా ఉందమ్మా అని అడిగాను. చాలాసేపటికి జవాబొచ్చింది:

"క్షమాపణలెందుకు, తాతగారూ. చాలా తియ్యగా ఉంది. మీకు పంపుదామనే అన్నీ కోశాం. దారిలో స్టాఫ్‌రూం తగిలింది."