బీడీలు చేసే ఇంట్లో షోకేస్ ఏంది?

మా చిన్నప్పుడు... కంఠేశ్వర్‌లో మా ఇంటి ముందరి గదికి వెలుగంతా గడప దగ్గరే. అమ్మ అక్కడ కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. పక్కన తడిగుడ్డలో తునికాకు, కత్తెర... గదంతా తంబాకు ఘాటు.

ఆమె వెనక గోడకు అద్దాల షోకేస్. అందులో ఆరు పింగాణీ కప్పులు, పూసలతో అల్లిన హంస, పరుగు పందెంలో నాకొచ్చిన కప్పు. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటే గానీ అమ్మ ఆ అద్దం ముట్టేది కాదు... తంబాకు వాసన అంటుతుందట.

బడి స్నేహితులు వస్తున్నారంటే నేను చాటను మంచం కిందికి తోసేదాన్ని.

"ఎందుకే దాస్తున్నవ్? దొంగసొమ్మా?" అనేది అమ్మ.

పోయిన నెల సినిమా వాళ్లొచ్చారు. బీడీలు చేసి కూతుర్ని చదివించిన తల్లి కథట... మా ఇల్లే కావాలన్నారు. అమ్మ వారం ముందు నుంచీ ఒకటే తుడుపులు.

"సినిమాల వచ్చేది ఇల్లమ్మా, నువ్వు కాదు" అన్నాను.

"ఇల్లొస్తే నేనొచ్చినట్టు గాదా?" అంది.

షూటింగ్ రోజున, సెట్ సర్దే ఆయన ముందుగా షోకేస్‌ను పెరట్లో పెట్టించి పట్టా కప్పించాడు. వారమంతా తుడిచిన గోడకు, మాసినట్టు కనబడాలని టీ డికాక్షన్ పూయించాడు. సొట్టలు పడ్డ గిన్నెలు, తెగిన నులక మంచం, మసి పట్టిన లాంతరు తెచ్చి పెట్టించాడు... మా ఇంట్లో నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ కరెంటు బల్బే.

"షోకేస్ ఎందుకు తీసినవ్ తమ్మీ?" అని అడిగాను.

"క్యారెక్టర్‌కు సెట్ కాదక్కా. బీడీలు చేసే ఇంట్ల షోకేస్ ఏంది? చూసేటోళ్లు నమ్మరు."

"ఇది బీడీలు చేసిన ఇల్లే గద."

"నిజముంటే సరిపోదక్కా... నిజం లెక్క కనబడాలె."

చాట నిండా ఎండాకు పోశాడు. తడపని ఆకు చుట్టబోతే పెటపెట విరుగుతుందన్నాను. కెమెరాకు తెలవదన్నాడు. చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది గానీ ఒక్క గిన్నె కదల్లేదు.

అసలు చిరాకేమిటంటే, మధ్యలో నాకే అనుమానం మొదలైంది. ఒక్క వస్తువుతో మనిషిని చెప్పడం ఆయన చదువుకున్న విద్య. షోకేస్ ఉంచితే నిజంగానే అమ్మ కష్టం కనబడదేమో... అయినా నేనేం తక్కువ? నేను చాట దాచాను, ఆయన షోకేస్ దాచాడు.

ఇంతలో అమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. మానిటర్ ముందు కుర్చీ వేశారు. చాలాసేపు చూసింది.

"పాపం... ఎవలిల్లు బిడ్డా గిది?"

"మనదేనమ్మా."

కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది.

"గంత ఆగమున్నమా మనం?"

ఆయన్ని అడగలేదు... నన్నడిగింది.

ఒకప్పుడు వాడకట్టంతా మా గుమ్మంలోకి తొంగిచూసి, ఆ షోకేస్‌ను బట్టే అమ్మ ఎలాంటిదో చెప్పేది. ఇప్పుడు అమ్మకే నేను చెప్పాల్సి వస్తోంది.

మీ అమ్మ ఎలాంటిదో తెలియాలంటే మీ ఇంట్లో ఏ వస్తువును చూపిస్తారు? కింద రాయండి... సెట్ సర్దిన ఆ తమ్ముడి నంబరు నా దగ్గరుంది, అన్నీ పంపిస్తాను.